లంగరా, మెరీనానా? పడవలో కాపురానికి ఏది మేలు?

శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర పడవలో ఉంటున్నానంటే మనవాళ్లు మొదట అడిగేది, "అద్దె మిగులుతుందా?" అని. పడవ ఎక్కడ ఆపుతామన్నదాన్ని బట్టి ఉంటుంది. నా 30 అడుగుల తెరచాప పడవ మామూలుగా మెరీనాలో, అంటే అద్దెకి పడవ కట్టుకునే రేవులో, ఉంటుంది. వీలు దొరికినప్పుడల్లా సాసలీటో ఊరి ఎదుటి రిచర్డ్‌సన్ బే అనే చిన్న అఖాతంలో లంగరేసి రెండేసి రోజులు ఉంటాను. ఆ రుచీ ఈ రుచీ తెలుసు.

మెరీనాలో ప్లగ్గు పెడితే 120 వోల్టుల కరెంటు, పక్కనే కుళాయి. నీళ్ల మధ్య మాత్రం సోలార్ పలకలు ఎంత ఇస్తే అంతే. 500 వాట్ల మిక్సీ 12 వోల్టుల బ్యాటరీ నుంచి 40 ఆంపియర్లకు పైనే లాగుతుంది. పావుగంట పిండి రుబ్బామా, 10 ఆంపియర్-అవర్లు హాంఫట్. పొగమంచు కమ్మిన రోజైతే ఆ లోటు పూడదు. అందుకే దోసెల పిండి మెరీనాలోనే రుబ్బుకుని బయల్దేరతాను. ఇక మంచినీళ్లు 20 లీటర్ల క్యాన్లలో తెడ్ల పడవ మీద తెచ్చుకోవాలి. ఊగే తెడ్ల పడవలో నిలబడి ఆ క్యాన్‌ని పైకి అందించడం నడుముకే తెలుస్తుంది. టాయిలెట్ ట్యాంకు నిండితే పంప్ ఉన్న రేవుకు పోవాల్సిందే. ఇక్కడ నీళ్లలోకి వదలడం నేరం.

అసలు తేడా నిద్రలో ఉంది. లంగరు తాడు ఎంత వదలాలన్నది చిన్న లెక్క. లోతు 10 అడుగులు, పోటుకి పెరిగేది 6, నీటి నుంచి పడవ ముందుభాగం ఎత్తు 4. మొత్తం 20. దానికి ఏడింతలు, అంటే 140 అడుగులు వదిలితే రాత్రికి భరోసా. గాలి తిరిగితే పడవ అంత మేరా తిరుగుతుంది, పక్కవాడి పడవా తిరుగుతుంది. ఒక చలికాలం రాత్రి రెండింటికి ఫోన్‌లో లంగరు అలారం (పడవ చోటు జారితే మోగేది) మోగింది. ఆగ్నేయం గాలి. ఈ బే నోరు అటే తెరిచి ఉంటుంది. రెయిన్‌కోటు వేసుకుని, ఒడ్డున ఒక ఇంటి దీపాన్ని గురి పెట్టుకుని, అది పక్కకు జరుగుతోందా అని తెల్లారేదాకా చూస్తూ కూర్చున్నాను. జరిగింది కూడా. మర్నాడు ఆఫీసు మీటింగ్‌లో ఏం మాట్లాడానో నాకే గుర్తులేదు.

పొద్దున లంగరు తీస్తే కొమ్ములకు పచ్చటి గడ్డి చుట్టుకొచ్చింది. అది ఈల్‌గ్రాస్. హెర్రింగ్ చేపలు దాని మీదే గుడ్లు పెడతాయి. లంగరు గొలుసులు ఈడ్చుకుపోయిన చోటల్లా అడుగున గుండ్రంగా బోసి మచ్చలు పడతాయి. ఒకప్పుడు ఇక్కడ 200కు పైగా పడవలు ఏళ్ల తరబడి లంగరు మీదే ఉండేవి. ఇల్లు కొనలేనివాళ్లకు అదే ఇల్లు. ఇప్పుడు పరిమితి 72 గంటలు. అక్కడే కాపురమున్న పడవలు కూడా 2026 అక్టోబరు 15 కల్లా ఖాళీ చేయాలని 2021లో ఒప్పందం జరిగింది. గడ్డిని కాపాడాలన్నది న్యాయమే, కానీ ఆ పడవల్లో ముసలివాళ్లను చూసినవాడికి మనసు ఒప్పదు.

పోనీ అందరూ మెరీనాకి వెళ్లొచ్చు కదా అంటే, ఇక్కడ మెరీనాలో కాపురానికి ఇచ్చే బెర్తులు (పడవ కట్టుకునే చోట్లు) సాధారణంగా మొత్తంలో 10 శాతం దాటకూడదు. ఖాళీ కోసం కాచుకోవాలి. పైగా కట్టేసిన పడవకి గాలి పక్క నుంచి కొడుతుంది, పొరుగువాడి తాళ్లు రాత్రంతా స్తంభానికి టకటకమని తగులుతుంటాయి. గట్టు కరెంటు లీకైతే పడవ లోహాన్ని తుప్పు నుంచి కాపాడేందుకు నీటి అడుగున బిగించిన జింకు ముక్కలు త్వరగా అరిగిపోతాయి. లంగరు మీద పడవ తనంతట తానే గాలికి ఎదురు తిరుగుతుంది. ముందు కిటికీ తెరిస్తే చల్లగాలి వంటగది దాకా వస్తుంది. ఈ సుఖానికి మెరీనాలో జవాబు లేదు.

మధ్యే మార్గం మూరింగ్: అడుగున శాశ్వతంగా దింపిన బరువు, పైన తేలే బంతి, దానికి పడవ కట్టుకోవడం. ఫ్లోరిడాలో మారథాన్ ఊరి బూట్ కీ హార్బర్‌లో ఇలాంటివి 200కు పైనే ఉన్నాయి. అద్దె కట్టాలి, తెడ్లూ తప్పవు, కానీ లంగరు జారుతుందన్న టెన్షన్ చాలా తగ్గుతుంది. అలాంటి చోటు దొరికితే నా ఓటు దానికే.

ఇక్కడ మాత్రం, పొద్దున్నే ఉద్యోగానికో బడికో పోవాల్సినవాళ్లు ఉంటే మెరీనాకే వెళ్లండి. నేను ఈ శుక్రవారం పిండి రుబ్బుకుని, క్యాన్లు నింపుకుని బయల్దేరుతున్నాను. ఈసారి గడ్డి లేని చోటు చూసుకుని లంగరేస్తాను.