సీ ప్రోగ్రామ్‌లో లాగిన్ తనిఖీ: షాడో ఫైలా, పామా?

లినక్స్‌లో యూజర్ పాస్‌వర్డ్ సరిచూడటానికి సులువుగా కనిపించే దారి షాడో ఫైల్ (/etc/shadow). పాస్‌వర్డ్‌ల హ్యాష్‌లు, అంటే వెనక్కి మార్చలేని రూపాలు, ఉండేది అందులోనే. గెట్‌ఎస్‌పీనామ్ (getspnam) ఫంక్షన్‌తో ఆ యూజర్ హ్యాష్ తెచ్చుకుని, టైప్ చేసిన పాస్‌వర్డ్‌తో పాటు ఆ హ్యాష్‌నే సాల్ట్‌గా (హ్యాష్ చేసేటప్పుడు కలిపే యాదృచ్ఛిక అక్షరాలు) క్రిప్ట్ (crypt) ఫంక్షన్‌కు ఇచ్చి, ఫలితాన్ని అదే హ్యాష్‌తో పోల్చాలి. సాల్ట్ హ్యాష్ మొదట్లోనే ఉంటుంది, విడిగా తీయనక్కర్లేదు. లింక్ చేసేటప్పుడు క్రిప్ట్ లైబ్రరీని కలపాలి. చిక్కులు ఆ తర్వాతే. మామూలు యూజర్‌గా నడిపితే గెట్‌ఎస్‌పీనామ్ నల్ ఇస్తుంది. క్రిప్ట్ కూడా నల్ ఇవ్వవచ్చు. చూసుకోకుండా పోలికకు పంపితే సెగ్మెంటేషన్ ఫాల్టే, ప్రోగ్రామ్ కూలిపోతుంది. పైగా గడువు తేదీని మీరే చూడకపోతే, గడువు తీరిన ఖాతాకూ తలుపు తెరుచుకుంటుంది. నేర్చుకోవడానికి బాగుంటుంది, అంతవరకే.

నిజంగా వాడే ప్రోగ్రామ్‌కు పామ్ (PAM, లాగిన్ తనిఖీని ప్రోగ్రామ్‌ల తరఫున చేసిపెట్టే లైబ్రరీ) మేలు. పామ్ స్టార్ట్, అథెంటికేట్, అకౌంట్ తనిఖీ, ఎండ్: ఈ వరుసలో పిలవాలి. చాలామంది వదిలేసేది మూడోదే, గడువు చూసేదీ అదే! పామ్ తరఫున యూజర్‌ను పాస్‌వర్డ్ అడిగే కాన్వర్సేషన్ ఫంక్షన్ రాయడం విసుగు. టెర్మినల్‌కైతే సిద్ధంగా దొరికే మిస్క్‌కాన్వ్ (misc_conv) చాలు. పామ్.డీ (/etc/pam.d) ఫోల్డర్‌లో మీ సర్వీస్ పేరుతో (పామ్ స్టార్ట్‌కు మీరిచ్చే పేరు) ఫైల్ లేకపోతే 'అదర్' (other) అనే ఫైల్‌లోని నియమాలు వర్తిస్తాయి, సరైన పాస్‌వర్డ్‌నూ తిరస్కరించవచ్చు.

షాడో దారిలో పని కాగానే పాస్‌వర్డ్ బఫర్‌ను ఎక్స్‌ప్లిసిట్ బీజీరో (explicit_bzero) ఫంక్షన్‌తో తుడవండి. మామూలుగా తుడవడానికి వాడే మెమ్‌సెట్ (memset) పిలుపును కంపైలర్ అనవసరమనుకుని తీసేయవచ్చు.