పెరట్లో స్టార్ ట్రాకర్: కొన్నేళ్లు వాడాక నా మాట

స్టార్ ట్రాకర్ అంటే ఆకాశం జరిగే వేగానికే కెమెరాను మెల్లగా తిప్పి, నక్షత్రాలు సాగకుండా ఎక్కువసేపు ఫొటో తీయనిచ్చే చిన్న పరికరం. ముందు తీర్పు చెప్పేస్తాను, ఓపిక ఉన్నవాళ్లు మిగతాది చదువుకోవచ్చు. ఫోకల్ లెంగ్త్ (లెన్స్ ఎంత దగ్గరగా లాగి చూపిస్తుందో చెప్పే కొలత) 135 మిల్లీమీటర్లున్న లెన్స్ వరకూ ఈ పరికరానికి వంక పెట్టడానికి పెద్దగా ఏమీ లేదు. 200 దగ్గర బతిమాలాలి. 300 తగిలిస్తే సగం రాత్రి దానితో కుస్తీకే సరిపోతుంది. పెట్టె మీద రాసిన బరువు లెక్కలు, యాప్‌లో ఉండే హంగులు చూసి ఏది కొనాలా అని తల పట్టుకునేవాళ్లు ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: దాని మీద ఏ లెన్స్ పెట్టబోతున్నారు?

నేను వాడేది అరచేతిలో పట్టే సైజు ట్రాకర్. ట్రైపాడ్‌కీ కెమెరాకీ మధ్యలో కూర్చుంటుంది. కింద కోణం సరిచేసుకునే బేస్, లోపల ఒక మోటారు, ఒక వార్మ్ గేర్ (వార్మ్ అనే మరలాంటి కడ్డీ పళ్ల చక్రాన్ని తిప్పే ఏర్పాటు), ధ్రువం వైపు గురిపెట్టడానికి అక్షం మధ్యలోంచి చూసే చిన్న పోలార్ స్కోప్. అంతే సరంజామా. కెమెరా మామూలు ఏపీఎస్-సీ (ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్) డీఎస్ఎల్ఆర్, లోపల ఏ మార్పులూ చేయించనిది. తీసే చోటు ఇంటి పెరడు. వీధి దీపాల వెలుగు గోడ దూకి వచ్చి పడే పెరడు.

భూమి తన చుట్టూ తాను ఒకసారి తిరగడానికి 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లు పడుతుంది. అంటే ఆకాశం సెకనుకు దాదాపు 15 ఆర్క్ సెకన్లు జరిగిపోతూ ఉంటుంది. ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు. వినడానికి చిన్నదే, కెమెరాకు మాత్రం చాలా పెద్దది. 500ను ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే ఎన్ని సెకన్లు తీయొచ్చో వస్తుందని ఫొటోగ్రాఫర్లు చెప్పుకునే పాత లెక్క ఒకటుంది. ఏపీఎస్-సీ అయితే ఫోకల్ లెంగ్త్‌ను ముందు 1.5తో హెచ్చవేసుకోవాలి. ఆ ప్రకారం 50 లెన్స్‌కు ఆరేడు సెకన్లు వస్తాయి, 200కు రెండు సెకన్లు కూడా రావు. అది కూడా చూసీచూడనట్టు వదిలేసే లెక్కే. ఫొటోను పెద్దది చేసి చూస్తే చుక్కలు సాగి కనిపిస్తూనే ఉంటాయి. ట్రాకర్ మీద అదే 50 లెన్స్‌తో మూడేసి నిమిషాలు తీస్తున్నాను, చుక్క చుక్కలాగే ఉంటోంది.

మరి 200 దగ్గర ఎందుకు తంటా? నా కెమెరా పిక్సెల్ సైజు సుమారు 4.3 మైక్రాన్లు. 50 లెన్స్‌తో ఒక్కో పిక్సెల్ ఆకాశంలో 18 ఆర్క్ సెకన్ల మేర చూస్తుంది. 135తో ఆరున్నర, 200తో నాలుగున్నర. లెన్స్ పెద్దదయ్యేకొద్దీ ట్రాకర్ చేసే చిన్న పొరపాటు కూడా ఫొటోలోకి ఎక్కేస్తుంది. పొరపాటు చేయని చిన్న ట్రాకర్ లేదు. నా దాంట్లో వార్మ్ గేర్ చక్రానికి 144 పళ్లు, చక్రం రోజుకు ఒక్క చుట్టే తిరుగుతుంది, అంటే వార్మ్ ఒక చుట్టు తిరగడానికి దాదాపు పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో కాసేపు ఆకాశం కంటే ముందు నడుస్తుంది, కాసేపు వెనకబడుతుంది. పళ్లు ఎంత నున్నగా కోసినా ఈ ఊపు తప్పదు. దీన్నే పీరియాడిక్ ఎర్రర్ అంటారు.

దీనివల్ల ఒక వింత జరుగుతుంది. 200 లెన్స్‌తో నిమిషం చొప్పున వరసగా తీసుకుంటూ పోతే చెడ్డ ఫ్రేములు ఎక్కడపడితే అక్కడ రావు. మూడు నాలుగు ఫ్రేముల్లో నక్షత్రాలు గుండ్రంగా ఉంటాయి, తర్వాత ఒకటి రెండింట్లో గుడ్డు ఆకారంలోకి సాగుతాయి, మళ్లీ గుండ్రం. గేర్ ముందుకో వెనక్కో పూర్తిగా ఊగి దిశ మార్చుకునే చోట కాసేపు నిలకడగా ఉంటుంది. మంచి ఫ్రేములు అక్కడ పుడతాయి. మధ్యలో వేగంగా జరిగేటప్పుడు పాడవుతాయి. ఇది తెలిశాక టెన్షన్ తగ్గింది. 200తో తీసినప్పుడు మూడో వంతు పారేయాల్సిందే అనుకుని కూర్చుంటాను. 135తో రెండు నిమిషాలు పెడితే పారేసేవి చాలా తక్కువ. అందుకే నా పనంతా ఇప్పుడు దాదాపు 135 మీదే నడుస్తోంది.

ట్రాకర్ అక్షాన్ని ఆకాశపు ధ్రువం (ఆకాశమంతా ఏ బిందువు చుట్టూ తిరిగినట్టు కనిపిస్తుందో అది) వైపు తిప్పి, ధ్రువ నక్షత్రానికి సరిచేసే పని గురించి కొత్తవాళ్లను అవసరానికి మించి భయపెడతారు. ధ్రువ నక్షత్రం అసలు ధ్రువం మీద లేదు, దానికి డిగ్రీలో మూడింట రెండొంతుల దూరంలో ఉంది. పున్నమి చంద్రుడు అర డిగ్రీ వెడల్పు ఉంటాడు కాబట్టి అంతకంటే ఎక్కువే. పోలార్ స్కోప్‌లో గడియారం ముఖంలాంటి వలయం ఉంటుంది, ఆ క్షణానికి చుక్కను వలయం మీద ఎక్కడ పెట్టాలో ఫోన్‌లో యాప్ చూపిస్తుంది. అలా పెట్టకుండా చుక్కను సరిగ్గా మధ్యలో పెట్టేస్తే? మహా అయితే నిమిషానికి పది ఆర్క్ సెకన్ల చొప్పున జారుతుంది. 50 లెన్స్‌తో నిమిషం ఎక్స్‌పోజర్‌కు అది ఒక పిక్సెల్ కూడా కాదు, నిశ్చింతగా తీసుకోవచ్చు. 200తో అయితే రెండు పిక్సెళ్లు దాటుతుంది, ఫ్రేము పోయినట్టే. కాబట్టి వెడల్పు లెన్స్‌తో పాలపుంత తీసేవాళ్లు దీనికోసం అరగంట వృథా చేయక్కర్లేదు.

ఈ పనిలో నన్ను నిజంగా విసిగించేది ఆ బేస్. ఎత్తు మరను తిప్పి చుక్కను చక్కగా వలయం మీదికి తెచ్చి, కదలకుండా బిగించే మర తిప్పగానే చుక్క పక్కకి జరుగుతుంది. ప్రతిసారీ అదే వైపు, దాదాపు అంతే దూరం. ఇప్పుడు ఆ జరుగుబాటును ముందే లెక్కలో వేసుకుని చుక్కను రెండో వైపు కొంచెం దాటించి పెడతాను, బిగించేసరికి దాని చోటికి అదే వస్తుంది. ఇంత డబ్బు తీసుకున్న వస్తువుకు ఇలాంటి వైద్యం చేయాల్సి రావడం అన్యాయమే. స్కోప్‌లో గీతలు కనపడటానికి ఇచ్చిన ఎర్ర దీపం ముక్క కూడా చీకట్లో జారిపడటానికే పుట్టినట్టుంది. ధ్రువ నక్షత్రం ఆకాశంలో బాగా కిందికి కనిపించే అక్షాంశాల్లో అయితే మోకాళ్ల మీద కూర్చుని మెడ మెలితిప్పి చూడాలి. స్కోప్ చివర తగిలించే లంబకోణపు ఐపీస్ దొరికితే వెంటనే తీసుకోండి. దక్షిణార్ధగోళంలో ఉండేవాళ్ల కష్టం ఇంకా పెద్దది. వాళ్ల ధ్రువం దగ్గరున్న సిగ్మా ఆక్టాంటిస్ సుమారు 5.4 మాగ్నిట్యూడ్ (వెలుగు కొలత, అంకె పెరిగేకొద్దీ మసక) చుక్క, ఊళ్లలో మామూలు కంటికి ఆనదు.

ఇక వెలుగు సంగతి. ఆకాశం ఎంత చీకటిగా ఉందో చెప్పడానికి జాన్ బోర్టిల్ 2001లో ఒకటి (అన్నిటికంటే చీకటి) నుంచి తొమ్మిది వరకూ మెట్లు పెట్టాడు. నా పెరడు ఏడో మెట్టు అనుకోవచ్చు. పాలపుంత కంటికి కనపడదు. ఇక్కడ ట్రాకర్‌ను ఎంత పొగిడినా లాభం లేదు, వీధి దీపం వెలుగును అది ఆపలేదు. పాత సోడియం దీపాల కాలంలో ఫిల్టర్లు బాగా పనిచేసేవి, ఎందుకంటే ఆ దీపాల వెలుగు చాలావరకు 589 నానోమీటర్ల (రంగును చెప్పే తరంగపు పొడవు) చుట్టుపక్కలే ఉండేది, దాన్ని కోసేస్తే సరిపోయేది. ఇప్పటి తెల్ల ఎల్ఈడీలు అన్ని రంగుల్లోనూ పరుచుకుని వెలుగుతాయి, ఏది కోస్తారు? డ్యూయల్ బ్యాండ్ ఫిల్టర్లు అనేవి హైడ్రోజన్ ఎరుపు 656, ఆక్సిజన్ ఆకుపచ్చ 501 నానోమీటర్ల చుట్టుపక్కల మాత్రమే వదిలి మిగతావి ఆపేస్తాయి. వెలిగే వాయువుల మబ్బులైన నెబ్యులాలకు అవి అద్భుతం. గెలాక్సీలకు దండగ, ఎందుకంటే గెలాక్సీ వెలుగంటే నక్షత్రాల వెలుగే, అది కూడా అన్ని రంగుల్లో ఉంటుంది. పైగా మార్చని కెమెరాల్లో సెన్సర్ ముందుండే ఫిల్టర్ హైడ్రోజన్ ఎరుపులో చాలా భాగాన్ని మింగేస్తుంది. ఎర్ర నెబ్యులాల పిచ్చి పట్టినవాళ్లు ఫిల్టర్ కొనేముందు కెమెరా సంగతి ఆలోచించాలి.

మరి ఇంత వెలుగున్న చోట ట్రాకర్ ఎందుకంటే, సమయం కోసం. ఒకే దృశ్యాన్ని చాలాసార్లు తీసి స్టాక్ చేస్తే, అంటే ఒకదానిమీద ఒకటి పేర్చి కలిపితే, గరుకుదనం తగ్గుతుంది. కానీ నాలుగు రెట్లు ఫ్రేములు పోగేస్తేనే రెండు రెట్లు మెరుగు. వెలుగున్న పెరట్లో నుంచి చీకటి పొలాల్లో తీసినంత శుభ్రమైన ఫొటో కావాలంటే గంటలు గంటలు పోగేయాలి. ఆ గంటలు నేను బయట నిలబడక్కర్లేదు. తనంతట తనే వరసగా ఫొటోలు తీయించే ఇంటర్వెలోమీటర్‌కు అప్పజెప్పి లోపలికి వచ్చేస్తాను, ఫోకస్ జరిగిందేమో చూడటానికి మధ్యమధ్యలో వెళ్తాను. పెరడు గొప్పదనం అదే. ఊరి బయట చీకటి చోటికి నెలకో రెండు నెలలకో వెళ్తే మబ్బు పట్టిందంటే ఇంతే సంగతులు. పెరట్లో అయితే ఈ రోజు గంట, వచ్చే వారం రెండు గంటలు అన్నీ కలిపి ఒకే ఫొటోలోకి దింపుకోవచ్చు.

ఆండ్రోమెడా గెలాక్సీ దీనికి మంచి పరీక్ష. మన నుంచి 25 లక్షల కాంతి సంవత్సరాల దూరం, ఆకాశంలో పొడవు మూడు డిగ్రీలు, అంటే ఆరుగురు పున్నమి చంద్రులను పక్కపక్కన పేర్చినంత. 135 లెన్స్, ఏపీఎస్-సీ సెన్సర్ కలిస్తే ఫ్రేము సుమారు పది డిగ్రీలు ఇంటూ ఆరున్నర, కాబట్టి గెలాక్సీ చుట్టూ ఖాళీ మిగులుతూ హాయిగా పడుతుంది. మా పెరట్లో రెండు నిమిషాల ఒక్క ఫ్రేము తెరిస్తే బూడిద రంగు ఆకాశం, మధ్యలో మసక మచ్చ, అంతే. చూసినవాళ్లు పెదవి విరుస్తారు. గంటన్నర ఫ్రేములను స్టాకింగ్ సాఫ్ట్‌వేర్ సిరిల్‌లో స్టాక్ చేసి, ఒక మూల నుంచి ఎక్కి వచ్చే వీధి దీపం వెలుగు ఛాయను తీసేసి, హిస్టోగ్రామ్‌ను (ఏ వెలుగు ఎంత ఉందో చూపే పటం) మెల్లగా సాగదీస్తుంటే ముందు నడుమ భాగం గట్టిపడుతుంది, తర్వాత దాని ఒక అంచున నల్లటి ధూళి చార, ఆ పైన ఎం32, ఎం110 అనే పిల్ల గెలాక్సీలు రెండూ తేలుతాయి. గెలాక్సీ బయటి సుడి చేతుల నీలం రంగు మాత్రం ఈ పెరట్లో నాకు ఎప్పుడూ మనస్ఫూర్తిగా రాలేదు. అది చీకటి ఆకాశం ఇచ్చే వరం, దానికి సాఫ్ట్‌వేర్ వైద్యం లేదు. సిరిల్, డీప్ స్కై స్టాకర్ రెండూ ఉచితమే. ఉపగ్రహాల గీతలను సిగ్మా క్లిప్పింగ్ (మిగతా ఫ్రేములతో కలవని పిక్సెళ్లను పక్కనపెట్టే పద్ధతి) తీసేస్తుంది, ఒక్కో ఫ్రేము పట్టుకుని ఏడవక్కర్లేదు.

ఓరియన్ నెబ్యులాతో బాధ దీనికి ఉల్టా. మధ్యలో ట్రపీజియం నక్షత్రాల చుట్టూ ఎంత వెలుగంటే రెండు నిమిషాల్లో అక్కడ తెల్లగా కాలిపోతుంది. ఐదు, పది సెకన్ల ఫ్రేములు ఒక కట్ట విడిగా తీసి తర్వాత కలుపుకోవాలి. కృత్తికల నీలి మసక కోసం చంద్రుడు లేని రాత్రే చూసుకోవాలి, చంద్రుడు అర్ధం ఉన్నా అది రాదు.

ఫ్లాట్ ఫ్రేముల విషయంలో మొండిగా ఉండండి. లెన్స్ మీద తెల్ల బట్ట బిగించి, ఫోకస్ కదపకుండా, సాయంత్రపు ఆకాశం కేసి తీసే ఆ కొన్ని ఫ్రేములు లేకపోతే, వెలుగున్న ఆకాశంలో తీసిన ఫొటో మూలలు నల్లబడి, దుమ్ము మచ్చలు వలయాలై కూర్చుంటాయి. చీకటి చోట ఇది లేకుండా నెట్టుకురావచ్చేమో గానీ పెరట్లో కుదరదు.

ఇన్నాళ్లలో అరిగిందేమిటంటే, క్లచ్, అంటే కెమెరా పెట్టే పలకను గేర్‌కు పట్టి ఉంచే బిగింపు. మొదట్లో వేలితో బిగిస్తే నిలిచేది, ఇప్పుడు బరువైన లెన్స్ పెడితే గట్టిగా బిగించినా కొంచెం జారుతుంది. ఐదు కిలోలు మోస్తుందని రాస్తారు, ఫొటోల కోసమైతే అందులో సగం దాటనివ్వకండి. కెమెరాకు ఎదురు బరువు, అంటే కౌంటర్ వెయిట్, తప్పనిసరి. సరిసమానంగా తూచి పెట్టకుండా తూర్పు వైపు బరువు పిసరంత ఎక్కువ ఉంచితే గేర్ పళ్లు ఎప్పుడూ ఒకదానికొకటి ఆనుకునే ఉంటాయి, ఊగిసలాట తగ్గుతుంది. సెల్స్ లోపల ఉంచి మర్చిపోతే కారి తుప్పు పట్టిస్తాయి, పవర్ బ్యాంక్ నయం. మంచు కురిసే రాత్రుల్లో లెన్స్ చుట్టూ హీటర్ పట్టీ లేకపోతే అరగంటకే అద్దం మసకబారుతుంది. మోటారు మాత్రం మొదటి రోజు ఎలా ఉందో అలాగే ఉంది, దానికి నమస్కారం పెట్టాలి.

అన్నీ తనే చేసుకునే స్మార్ట్ టెలిస్కోపులు వచ్చాక ఇదెందుకని అడుగుతున్నారు. బటన్ నొక్కితే ఫొటో కావాలంటే అవే తీసుకోండి, మొహమాటం వద్దు. కానీ చిన్నవాటిలో చాలావాటికి చూపు ఇరుకు, ఆండ్రోమెడా ఒక్క ఫ్రేములో పట్టదు. పాలపుంత సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇంట్లో ఇప్పటికే కెమెరా, ఒక మంచి ప్రైమ్ (జూమ్ లేని) లెన్స్ ఉండి, వెడల్పైన దృశ్యాలంటే ఇష్టమున్నవాళ్లకు ట్రాకరే సరైనది. గ్రహాల కోసమైతే రెండూ వద్దు, వాటికి పొడవాటి టెలిస్కోప్ కావాలి.

వాడిన ట్రాకర్ కొనాలనుకుంటే ఆన్ చేసి శబ్దం విని సరిపెట్టుకోకండి. క్లచ్ బిగించి కెమెరా పెట్టే పలకను వేళ్లతో అటూ ఇటూ ఊపి చూడండి, టకటకలాడితే గేర్ వదులైనట్టు. అమ్మేవాళ్లను 135 లెన్స్‌తో రెండు నిమిషాల చొప్పున పావుగంట సేపు వరసగా తీసి రా ఫైళ్లన్నీ (కెమెరా ఏమీ మార్చని అసలు ఫైళ్లు) పంపమనండి, ఏరి పంపినవి కాదు. పావుగంట ఎందుకంటే పది నిమిషాల గేర్ చుట్టు మొత్తం అందులో పడిపోతుంది, మంచివీ చెడ్డవీ ఏ వరసలో వస్తున్నాయో మీకే తెలిసిపోతుంది.