రాతి మీద జేగురు, బెరడు మీద రార్క్

ఉత్తర ఆస్ట్రేలియాలోని కాకడు నేషనల్ పార్కులో ఆదివాసుల బొమ్మలు చూడాలంటే, డార్విన్ నుంచి పొద్దున వెళ్లి రాత్రికి తిరిగొచ్చే టూరు దండగ. పార్కులోని జబిరూ ఊరే 250 కిలోమీటర్లు. రోజంతా బస్సుకే సరిపోతుంది. రెండు రాత్రులు జబిరూలో ఉండండి. అక్కడి మొసలి ఆకారపు హోటల్ ఖరీదే (ఆ మొసలి కనపడాలంటే ఆకాశంలోంచి చూడాలి), కానీ ఆ ఉక్కలో ఏసీ కావాల్సిందే. రాతి బొమ్మలుండే ఉబిర్ గుట్టల దగ్గరి మెర్ల్ క్యాంప్‌గ్రౌండ్ చవక, కాకపోతే దోమలు విపరీతం.

ఒక్కచోటికే టైముంటే ఉబిర్‌కే వెళ్లండి, అదీ సాయంత్రం. బారముండి చేపల బొమ్మల్లో వెన్నుముల్లు, లోపలి అవయవాలు కనిపిస్తాయి. పాత బొమ్మల్లో ఎరుపు ఒక్కటే మిగలడానికి కారణముంది: జేగురు రాతిని గట్టిగా పట్టుకుంటుంది, తెల్లమట్టి పెచ్చులూడి రాలిపోతుంది. రాతి బొమ్మలున్న ఇంకో చోటు బురుంగ్‌కుయ్‌లో అయితే వాన నీరు బొమ్మల మీదికి జారకుండా రాతి మీద సిలికాన్ గట్లు పోశారు, గమనించండి.

బెరడు మీద బొమ్మలు వేసే అసలు పని చూడాలంటే ఏరు దాటి గన్‌బలాన్యా ఊళ్లోని ఇంజలాక్ ఆర్ట్స్ అనే ఆదివాసుల కళాకేంద్రానికి వెళ్లాలి. అక్కడ వానల్లేని నెలల్లోనే వీలు. ఆదివాసుల భూముల వ్యవహారాలు చూసే నార్తర్న్ ల్యాండ్ కౌన్సిల్ పర్మిట్ ముందే తీసుకోండి. ఆ ఏరు దాటే కాహిల్స్ క్రాసింగ్‌లో పోటు నీరు రోడ్డెక్కుతుంది, మొసళ్లుంటాయి. ఆటుపోట్ల పట్టిక చూడకుండా కారు దించొద్దు. చాలా అద్దెకార్ల ఇన్సూరెన్సు నీళ్లలో నడిపితే వర్తించదు, గైడుతో వెళ్లడమే నయం.

బెరడును స్ట్రింగీబార్క్ చెట్టు నుంచి వానాకాలంలోనే తీస్తారు. అప్పుడు చెట్టులో రసం నిండుగా ఉండి పట్ట తేలిగ్గా ఊడొస్తుంది. పైపీచు చెక్కేసి, నిప్పు సెగన కాచి, బరువులు పెట్టి రోజుల తరబడి చదును చేస్తారు. లోపలివైపు జేగురు పూత పూసి, తుంగపుల్లను సన్నగా గీకిన కుంచెతో అడ్డగీతలు లాగుతారు. అదే రార్క్. పండుగల్లో ఒంటిమీద వేసుకునే వంశపు గుర్తుల నుంచి వచ్చింది. ఆ గీతల మిలమిలలోనే పూర్వీకుల శక్తి ఉందని అక్కడి ఆదివాసుల నమ్మకం. అందుకే ఎవరి గీతలు వాళ్లవే, ఇంకొకరు వేయకూడదు.

కొనేటప్పుడు బొమ్మను వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూడండి. రంగు పొడిగా రాలుతుంటే జిగురు చాలలేదన్నమాట. ఇదివరకు ఆర్కిడ్ రసం కలిపేవారు, ఇప్పుడు ఎక్కువగా పీవీఏ జిగురే. పైనా కిందా పుల్లలు కట్టి ఉంటే వంకర తక్కువ పోతుంది. అయినా ఏసీ గాలి తగిలే గోడకు తగిలిస్తే బెరడు ఎండి చిట్లుతుంది. విమానంలో తేవడం కష్టమనుకుంటే కాగితం మీద వేసినవీ అక్కడే దొరుకుతాయి, గొట్టంలో చుట్టి ఇస్తారు.