మీటర్ల రీడింగు ఆఫీసుకు రావాలంటే: గేట్‌వేనా, యూఎస్‌బీ కన్వర్టరా?

చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీల కరెంటు పనులు చూస్తుంటాను. ఈమధ్య ఓనర్లందరిదీ ఒకటే ప్రశ్న: ఏ మెషీన్ ఎన్ని యూనిట్లు లాగుతోందో ఆఫీసులో కూర్చుని చూడాలంటే ఏం కొనాలి?

ప్యానెల్లో ఉండే మీటర్‌కు తెలిసిన భాష మోడ్‌బస్ ఆర్‌టీయూ, అంటే మెషీన్లు అంకెలు ఇచ్చిపుచ్చుకునే పద్ధతి. 1979లో పుట్టింది, ఇంకా రిటైర్ కాలేదు. నడిచేది ఆర్‌ఎస్-485 అనే రకం వైరు మీద. ఆఫీసులో ఉన్నదేమో ఈథర్‌నెట్, అంటే కంప్యూటర్లను కలిపే నెట్‌వర్క్ (లాన్). ఈ రెంటికీ మధ్య ఏదో ఒకటి ఉండాలి.

చవకలో అయిపోవాలంటే ఆ వైరును నేరుగా ఒక కంప్యూటర్‌కు కలిపే యూఎస్‌బీ కన్వర్టర్. కొన్ని వందల్లో వస్తుంది. డ్రైవర్ (దాన్ని గుర్తుపట్టే ప్రోగ్రామ్) ఎక్కిస్తే కంప్యూటర్‌లో ఒక కామ్ పోర్టు, అంటే నంబరున్న ఒక దారి, కనబడుతుంది, సాఫ్ట్‌వేర్ దాన్ని పట్టుకుని మీటర్లను ఒక్కొక్కటిగా అడుగుతుంది. ఒక చోట ఇలాగే పెట్టి వచ్చాను. నెల తిరక్కుండా ఫోన్: రీడింగులన్నీ ఆగిపోయాయి. వైర్లన్నీ లాగి చూశా, మీటర్లు బాగానే ఉన్నాయి. చివరికి ఆఫీసు కుర్రాడు, "ఫోన్ చార్జింగ్‌కని దాన్ని పీకి పక్క పోర్టులో పెట్టానన్నా, అంతే" అన్నాడు. అంతే! కామ్ 3 కాస్తా కామ్ 7 అయింది. సాఫ్ట్‌వేర్ ఇంకా 3 దగ్గరే కూర్చుని ఎదురుచూస్తోంది.

ఇంకో ఇబ్బందీ ఉంది. కామ్ పోర్టును మామూలుగా ఒకసారికి ఒక ప్రోగ్రామే వాడుకోగలదు. అకౌంటెంట్ చూస్తుంటే మేనేజర్ ఆగాల్సిందే. కంప్యూటర్ ఆపేస్తే ఇద్దరికీ లేదు.

గేట్‌వే అంటే మీటర్ల వైరుకూ ఆఫీసు లాన్‌కూ మధ్య దుబాసీలా ఉండే పెట్టె. ధర వేలల్లోకి పోతుంది. దాన్ని ప్యానెల్లోనే బిగిస్తాం. లాన్‌లో వచ్చిన ప్రశ్నకు ముందున్న 7 బైట్ల హెడర్ (కవరు మీది చిరునామా లాంటిది) విప్పి, అందులోంచి మీటర్ నంబర్ తీసుకుని, చివర 2 బైట్ల సీఆర్‌సీ (దారిలో తప్పు దొర్లిందేమో పట్టుకునే అంకె) తగిలించి వైరు మీదికి వదులుతుంది. జవాబు వస్తే మళ్లీ తిరగేస్తుంది. ఇద్దరు ముగ్గురు ఒకేసారి అడిగినా వరసలో నిలబెట్టి జవాబిస్తుంది. లాన్‌లో గేట్‌వే చిరునామా, అదే ఐపీ అడ్రస్, మాత్రం స్థిరంగా పెట్టుకోండి, లేదంటే కామ్ పోర్టు కథే మళ్లీ మొదలు.

అయితే గేట్‌వే మోసేదే కానీ చదివేది కాదు. 230 వోల్టులు ఉండాల్సిన చోట అర్థంలేని పెద్ద అంకె కనబడితే గేట్‌వేను తిట్టకండి. చాలా మీటర్లలో ఒక విలువ రెండు రిజిస్టర్లలో (మీటర్ అంకెలు దాచే గదులు) వస్తుంది, వాటి వరస తారుమారై ఉంటుంది. అది సాఫ్ట్‌వేర్‌లో మీటర్ భాష చదివే డ్రైవర్ (కన్వర్టర్ డ్రైవర్ కాదు) సెట్టింగులో మార్చాలి. సొంత భాష తప్ప మోడ్‌బస్ రాని పాత మెషీనైతే మామూలు మోడ్‌బస్ గేట్‌వే దండగ. దాని భాష చదివే డ్రైవర్ దొరికితేనే పని.

వైరింగు తేడాగా ఉంటే ఏది కొన్నా ఒకటే. మీటర్ నుంచి మీటర్‌కు గొలుసులా లాగి, రెండు చివర్లా 120 ఓమ్ రెసిస్టర్ పెట్టాలి.

నన్నడిగితే ఒక్క మీటర్, ఒక్క కంప్యూటర్ అయితే కన్వర్టర్ చాలు, కాకపోతే ఆ పోర్టు మీద "పీకవద్దు" అని స్టిక్కర్ వేయండి. అంతకు మించితే గేట్‌వేనే. ఆ కుర్రాడి ఆఫీసులో ఇప్పుడున్నది గేట్‌వే. కన్వర్టర్ నా సంచిలో ఉంది, టెస్టింగుకు.