వీఎఫ్‌డీ స్క్రూ కంప్రెసర్: బిల్లు తగ్గింది, కానీ ఎవరి వల్ల?

వీఎఫ్‌డీ అనే డ్రైవ్ సాయంతో అవసరాన్ని బట్టి మోటారు వేగం మార్చుకుంటూ గాలిని ఒత్తిడితో నింపే స్క్రూ కంప్రెసర్ మా చిన్న కర్మాగారంలో చాలాకాలంగా నడుస్తోంది. సామర్థ్యం, శబ్దం వంటివి కరపత్రంలోనే ఉంటాయి, వదిలేస్తాను. నాకు దీనిలో తెగ నచ్చింది తెర మీది ఒక్క అంకె: మోటారు ఎంత శాతం వేగంతో తిరుగుతోందో చెప్పేది.

పాత కంప్రెసర్ గాలి అక్కర్లేనప్పుడు కూడా రొద పెడుతూనే ఉండేది. ఒకే వేగంతో తిరిగే ఆ రకం యంత్రాలు అన్‌లోడ్‌లోనూ, అంటే గాలి నింపకుండా ఊరికే తిరిగేటప్పుడూ, నిండు లోడ్ విద్యుత్తులో పావు వంతుకు పైనే లాగుతాయి. కొత్తది పెట్టాక ఒక సెలవు రోజు, యంత్రాలన్నీ ఆగి ఉండగా, తెర 35 శాతం చూపించింది. గాలి వాడేవాళ్లే లేరు! తెర చెడిందనుకుని సర్వీసు మనిషిని పిలిపించాం. అతను తెర వంక చూడనేలేదు. లైన్ల వాల్వులు ఒక్కొక్కటే మూసుకుంటూ వెళ్లాడు. మూసేకొద్దీ అంకె దిగింది. సబ్బు నీళ్లు పూస్తే కప్లింగుల దగ్గర, పాత హోసుల మీద, సరిగా మూసుకోని డ్రెయిన్ వాల్వు దగ్గర బుడగలే బుడగలు. 7 బార్ ఒత్తిడిలో 3 మిల్లీమీటర్ల రంధ్రం ఒక్కటుంటే సెకనుకు సుమారు 10 లీటర్ల గాలి పోతుంది. దాన్ని నింపడానికే 3 కిలోవాట్లకు పైగా ఖర్చు. లీకులు కట్టాక ఒత్తిడి ఒక బార్ తగ్గించినా పని ఆగలేదు. ఆ ఒక్క బార్‌తోనే దాదాపు 7 శాతం విద్యుత్తు మిగులుతుంది.

బిల్లు బాగా తగ్గిన మాట నిజం. అయితే ఆ మెప్పులో పెద్ద వాటా హోసులు మార్చిన ఫిట్టరుకు దక్కాలి. పైగా లీకులు పోయాక వాడకం ఎంత పడిపోయిందంటే, కంప్రెసర్ కనీస వేగానికి దిగి, ఆగుతూ మళ్లీ మొదలవుతూ కాలం గడుపుతోంది. అలా నడిస్తే నూనె తగినంత వేడెక్కదు, గాలిలోని తేమ అందులోనే నిలిచిపోతుంది. మొన్నటి సర్వీసులో దింపిన నూనె తెల్లబారి వచ్చింది. అమ్మినవాళ్లు మా అవసరాన్ని లీకులతో సహా కొలిచి సైజు చెప్పారు మరి! కరెంటు క్షణం తడబడినా డ్రైవ్ ట్రిప్ అవడం, దుమ్ముకు ప్యానెల్ ఫిల్టరు మూసుకుపోవడం ఎలాగూ ఉన్నవే.

మాది ఒకే షిఫ్టు, గాలి వాడకం గంటగంటకూ మారుతుంది కనుక మాకు పనికొచ్చింది. రోజంతా నిండు లోడ్‌తో నడిచేచోట మాత్రం డ్రైవ్‌లో పోయే ఆ కొద్ది శాతం అదనపు నష్టమే. కొనబోయేవారు ముందు ఒక సెలవు రోజు పాత కంప్రెసర్‌నే నడిపి, అది ఎంతసేపు లోడ్‌లో, ఎంతసేపు అన్‌లోడ్‌లో ఉంటోందో గడియారం పెట్టి రాసుకోండి. మొత్తం సమయంలో లోడ్ వాటా ఎంతో, సామర్థ్యంలో లీకుల వాటా అంత. సైజు మాట ఆ తర్వాతే.