మెదక్, డోర్నకల్: ఒకే సంఘానికి రెండు గుడులు

మెదక్ చర్చి చూసొచ్చామని చాలామంది చెప్తుంటారు, డోర్నకల్ వెళ్ళామని చెప్పేవాళ్ళు మాత్రం నాకు పెద్దగా తగల్లేదు. రెండూ సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘం గుడులే. రెండూ చూసొచ్చాక నా మాట ఇది: కట్టడం చూడాలంటే మెదక్ వెళ్ళండి, మన తెలుగు పల్లెల్లో సంఘం ఎలా వేళ్ళూనుకుందో తెలియాలంటే మాత్రం డోర్నకల్ తప్పకుండా వెళ్ళాలి.

ముందు మెదక్ సంగతి. సికింద్రాబాద్ జేబీఎస్ నుంచి నర్సాపూర్ మీదుగా బస్సులు బాగానే ఉన్నాయి, దాదాపు వంద కిలోమీటర్లు, నర్సాపూర్ అడవి మధ్య నుంచి వెళ్ళే దారి హాయిగా ఉంటుంది. 2022 నుంచి రైలు కూడా ఉంది గానీ పొద్దున ఆరాధనకి అందుకోవాలంటే బస్సే వీలు. బస మాత్రం అక్కడ పెట్టుకోవద్దు, ముఖ్యంగా డిసెంబర్‌లో. మేం క్రిస్మస్ తర్వాత వచ్చే ఆదివారం కోసం ముందురోజు రాత్రే వెళ్ళాం. లాడ్జివాళ్ళు ఫోన్‌లో చెప్పిన రేటు ఒకటి, సామాను దింపాక కౌంటర్ దగ్గర అడిగింది ఇంకొకటి, పైగా దుప్పట్లు కూడా మార్చలేదు. హైదరాబాద్‌లో ఉండి తెల్లవారుజామున మొదటి బస్సు ఎక్కడం వెయ్యి రెట్లు నయం. క్రిస్మస్ రోజుకే వెళ్ళాలనుకుంటే ఇంకో సంగతి, ఆ రోజు చుట్టుపక్కల జిల్లాల నుంచి కుటుంబాలకి కుటుంబాలే వచ్చి ఆవరణలో దిగుతాయి, లోపలికి అడుగుపెట్టడానికే గంటలు పడుతుంది, చంటిపిల్లలతో అయితే వద్దనే చెప్తాను.

గుడి గురించి ఎంత చెప్పినా తక్కువే. వెస్లియన్ మెథడిస్టు (ఇంగ్లండ్‌లో పుట్టిన ఒక ప్రొటెస్టెంట్ శాఖ) మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ 1914లో పని మొదలుపెట్టించారు, 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. అది కరువు కాలం. ఊరికే తిండి పెట్టడం కాకుండా పని చూపించి పొట్ట నింపాలని ఆయన ఈ కట్టడం ఎత్తుకున్నారని అక్కడ ఎవరిని అడిగినా చెప్తారు. 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు, 175 అడుగుల గోపురం, లోపల ఐదు వేల మంది పడతారు. రాళ్ళు మోసినవాళ్ళు ఆ చుట్టుపక్కల పల్లెల కూలీలు. వాళ్ళ మునిమనవలు ఇప్పుడు అక్కడే ఆరాధనకి వస్తున్నారంటే నాకు గోపురం ఎత్తు కన్నా ఆ సంగతే పెద్దదనిపించింది.

అందరూ చెప్పే రంగు అద్దాల కిటికీలు మూడు. పీఠం వెనక ప్రభువు పరలోకానికి ఆరోహణం, ఒకవైపు జననం, ఇంకోవైపు శిలువ. లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ వేసినవి. వెలుగు బయట నుంచే రావాలి, చీకటి పడితే బొమ్మలు కనబడవు, కాబట్టి సాయంత్రం చేరేవాళ్ళు సగం చూడనట్టే. పొద్దున ఆరాధనకి వెళ్తే ముందు ఏదో ముదురు నీలం, ఎరుపు మచ్చల్లాగా ఉంటాయి, ప్రసంగం అయ్యేసరికి ఎండ ఎక్కి ఒక్కొక్క ముఖం తేలుతుంది. లోపల ఫోటోలు తీయనివ్వలేదు, అదే మంచిదైంది. కానీ ఆరాధన జరుగుతుంటే కూడా చూడ్డానికి వచ్చినవాళ్ళు తలుపుల దగ్గర గట్టిగా మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఈ విషయంలో అక్కడివాళ్ళు ఇంకొంచెం గట్టిగా ఉండాలి. ప్రార్థన చేసుకునేవాళ్ళకి అది ముందు గుడి, తర్వాతే టూరిస్టు ప్లేసు.

ఇక నమ్మకాల విషయం. మాది ఒంగోలు వైపు బాప్టిస్టు కుటుంబం. 1878 జూలై 3న గుండ్లకమ్మ దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న కథ వింటూ పెరిగినవాళ్ళం, మాకు బాప్తిస్మం అంటే బుద్ధి తెలిశాక, నీళ్ళలో మునిగి తీసుకునేదే. ఆ ఆదివారం మెదక్‌లో ఒక పసిపాపకి బాప్తిస్మం ఇచ్చారు. నిద్రపోతున్న పాప నెత్తిన మూడుసార్లు నీళ్ళు పోయగానే ఉలిక్కిపడి ఏడుపందుకుంది, అమ్మమ్మ కొంగుతో తల తుడిచింది, పాప తరఫున అమ్మానాన్నలు ప్రమాణాలు చెప్పారు. పెద్దయ్యాక ఆ బిడ్డే కన్ఫర్మేషన్‌లో ఆ విశ్వాసం నాదేనని సంఘం ముందు ఒప్పుకోవాలి, అప్పుడు బిషప్ చేతులుంచి ప్రార్థిస్తారు. నా నమ్మకం మారలేదు గానీ, బిడ్డ పుట్టినప్పటి నుంచే సంఘం బాధ్యత తీసుకోవడమనే ఆలోచన మాత్రం నా మనసుకి బాగా పట్టింది. ఆరాధన కూడా మాకన్నా క్రమంగా ఉంటుంది: పాపపు ఒప్పుకోలు, వాక్యపఠనం, ప్రసంగం, అందరూ లేచి విశ్వాస ప్రమాణం, చివర మోకరించి ప్రభు భోజనం. పాటలు మాత్రం మావే, అవే ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు, కాబట్టి కొత్త చోటన్న ఫీలింగ్ ఐదు నిమిషాల్లో పోయింది.

డోర్నకల్ వెళ్ళడం తేలికే, కాజీపేట–విజయవాడ లైన్‌లో జంక్షన్, మహబూబాబాద్ దాటాక వస్తుంది. అక్కడ ఆగే రైలేదో చూసుకుని ఎక్కండి. ఊరు చిన్నది, స్టేషన్ చుట్టూ టీ కొట్లు, టిఫిన్ సెంటర్లు తప్ప పెద్దగా ఏమీ ఉండవు. రాత్రి ఉండాలంటే ఖమ్మం వెళ్ళిపోండి, రైల్లో అరగంట, గదులు శుభ్రంగా దొరుకుతాయి, తిండికి లోటు లేదు.

ఇక్కడి ఎపిఫనీ కెథెడ్రల్ (బిషప్ ఉండే ప్రధాన గుడి) మెదక్ లాగా ఇంగ్లండ్ నుంచి దిగినట్టు ఉండదు. గుమ్మటాలు, మినార్లలాంటి బురుజులు, మన మండపాల్లాంటి స్తంభాలు. మన నేల మీది గుడి మన నేల గుడిలాగే ఉండాలన్నది బిషప్ వి.ఎస్. అజరయ్య పట్టుదల. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. అజరయ్య తిరునెల్వేలి ప్రాంతం నుంచి వచ్చిన తమిళుడు, ఇక్కడికొచ్చి తెలుగు నేర్చుకుని, 1912లో ఆంగ్లికన్ (చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ శాఖ) సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యారు. అంతకు రెండేళ్ళ ముందు ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో తెల్ల మిషనరీల ముందే నిలబడి, మీరు మాకు చాలా ఇచ్చారు, ఇక స్నేహితుల్ని ఇవ్వండి అన్న అర్థం వచ్చేలా మాట్లాడిన మనిషి ఆయన.

సంఘంలో ఎక్కువమంది మాల, మాదిగ పల్లెలవాళ్ళు. ఊరి బయట ఉంచిన మనుషులు. వాళ్ళు లేనివాళ్ళు కదా, విదేశీ డబ్బుతో సంఘం నడుపుదామని అజరయ్య అనుకోలేదు. ఆడవాళ్ళు వంటకి బియ్యం తీసిన ప్రతిసారీ ఒక పిడికెడు పక్కన పెట్టి దేవునికి తెచ్చేవాళ్ళు. పిడికెడు బియ్యం కానుక మా వైపు కూడా తెలుసు గానీ, తినడానికే చాలని ఇళ్ళలో ఆ పిడికెడు ఎంత పెద్దదో ఆ ఊళ్ళో నిలబడి ఆలోచిస్తేనే నాకు తట్టింది. బాప్తిస్మం తీసుకున్నవాళ్ళతో తమ తల మీదే చేయి పెట్టించి, సువార్త ప్రకటించకపోతే అయ్యో నాకు శ్రమ అని పౌలు మాట చెప్పించేవారట. అంటే ప్రతి కూలీ ఒక బోధకుడే. నా లెక్కలో ఈ సంఘం అసలు విశ్వాసం అక్కడ ఉంది.

1919లో తమిళనాడు తీరంలోని ట్రాంక్విబార్‌లో (ఇప్పటి తరంగంబాడి) వేరు వేరు మిషన్ల పాస్టర్లు కూర్చుని, మనం పుట్టించని చీలికలు మనకెందుకు, ఒకటవుదామని మొదలుపెట్టినప్పుడు అజరయ్య అందులో ముఖ్యుడు. అది ఫలించడానికి 28 ఏళ్ళు పట్టింది. 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, అప్పటికే కలిసి ఉన్న ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు ఏకమై సీఎస్‌ఐ అయ్యారు. అజరయ్య 1945 జనవరి 1నే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. మెథడిస్టుల మెదక్, ఆంగ్లికన్ల డోర్నకల్ ఒకే ఆరాధన క్రమంలోకి వచ్చింది అలాగే. మా బాప్టిస్టులు అందులో చేరలేదు, అది నాకు ఇప్పటికీ బాధే.

వెళ్ళేవాళ్ళకి నా సలహా: మెదక్‌కి ఆదివారం పొద్దున్నే చేరండి, ఆరాధన పూర్తయ్యేదాకా కూర్చోండి, కోట చూడాలంటే మధ్యాహ్నం చూసుకోవచ్చు. డోర్నకల్‌కి మామూలు రోజు వెళ్తే గుడి తాళం వేసి ఉండొచ్చు, కంపౌండ్‌లో ఉన్నవాళ్ళని మర్యాదగా అడగండి. మాకైతే తాళం తీసిన పెద్దాయన ఎండలో మా వెంట తిరిగి అన్నీ చూపించి, డబ్బులిస్తే తీసుకోకుండా కానుక పెట్టెలో వేయమన్నారు.