హనుమకొండలో అసెంబుల్డ్ సిస్టమ్ కొంటున్నారా? డిస్క్ ఎన్ని గంటలు తిరిగిందో చూసి డబ్బులివ్వండి

షాపు పేరు రాయను, అడగొద్దు. కానీ హనుమకొండ, కాజీపేట వైపు ఎవరైనా అసెంబుల్డ్ డెస్క్‌టాప్ కట్టించే ఆలోచనలో ఉంటే ఇది చదివి వెళ్ళండి.

నాది కాజీపేటలో చిన్న డీటీపీ, జిరాక్స్ పని. జూన్‌లో స్కూళ్ళు తెరిచే టైమ్‌కు పాత సిస్టమ్ మొరాయిస్తే 24 వేలు పెట్టి కొత్తది కట్టించాను. 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్, అన్నీ కొత్తవే అన్నాడు. బిల్లు అడిగితే "జీఎస్టీ బిల్లంటే 18 శాతం ఎక్కువైతది అన్నా, మనకెందుకు, నేనున్న కదా" అని తెల్లకాగితం మీద ఎస్టిమేట్ రాసి ముద్ర కొట్టి ఇచ్చాడు. నాలుగు వేలు మిగిలాయని సంబరపడ్డాను చూడండి, అక్కడే దొరికిపోయాను.

మూడు వారాలు బాగానే నడిచింది. తర్వాత ఆన్ చేసి చాయ్ తాగి వచ్చినా తెర మీద గుండ్రం తిరుగుతూనే ఉండేది. ఫొటోషాప్ తెరవడానికి ఐదు నిమిషాలు. ఆధార్ ప్రింట్ కోసం కూర్చున్న ఒక ముసలాయన "బస్సు పోతది బిడ్డా" అని లేచి వెళ్ళిపోయాడు. షాపుకు మోసుకెళ్తే "వైరస్ అన్నా, ఫార్మాట్ కొడ్తే సాఫ్ అయితది" అన్నాడు. 500 తీసుకున్నాడు. వారం పది రోజులు బాగుంటుంది, మళ్ళీ అదే కథ. ఇలా మూడుసార్లు. నాలుగోసారి తల గోక్కుని "మదర్‌బోర్డు పోయినట్టుంది, 4,500 అయితది" అన్నాడు.

ఇచ్చేసేవాణ్ణే. దసరాకు మా బామ్మర్ది కరీంనగర్ నుంచి రాకపోతే.

వాడు కూర్చుని కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచాడు. ప్రాసెసర్ 5 శాతం, ర్యామ్ సగం ఖాళీ, డిస్క్ మాత్రం 100. అంతసేపూ డిస్క్ చదువుతున్నది సెకనుకు 1 ఎంబీ కూడా లేదు. "బావా, ఇది వైరస్ కాదు, మదర్‌బోర్డు అంతకన్నా కాదు" అని క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేశాడు. నీలంగా ఉండాల్సిన డబ్బా పసుపు రంగులో కాషన్ (జాగ్రత్త) అని చూపించింది. పక్కన పవర్ ఆన్ అవర్స్, అంటే డిస్క్ నడిచిన గంటలు, 27 వేల పైచిలుకు! అంటే రాత్రింబవళ్ళు మూడేళ్ళు. నేను కొని నాలుగు నెలలు, అదీ షాపు తెరిచి ఉన్నప్పుడే. ఇంకో తమాషా ఏంటంటే ఆన్ చేసిన లెక్క మాత్రం 200 కూడా లేదు, అందులో సగానికి పైగా నేను చేసినవే. మోడల్ నంబర్ చూస్తే సీసీ కెమెరాల డీవీఆర్‌లో పెట్టే రకం. ఎక్కడో మూడేళ్ళు రికార్డింగ్ చేసి రిటైరైన డిస్క్‌ను నాకు కొత్తదని అంటగట్టాడు.

కేబుల్ లూజై కూడా ఇలా స్లో అవుతుందట, అందుకే వాడు ముందు ఆ సాఫ్ట్‌వేర్‌లో కిందనున్న పట్టిక చూశాడు. సీ7 అనే వరుసలో అంకె పెరుగుతుంటే డిస్క్‌ను మదర్‌బోర్డుకు కలిపే సాటా కేబుల్ మీద అనుమానం, నాది సున్నానే. 05, సీ5 వరుసల్లో మాత్రం అంకెలు ఉన్నాయి, అంటే సెక్టార్లు (డిస్క్ మీద డేటా రాసే చిన్న చిన్న గళ్ళు) పాడయ్యాయి. (ఆ అంకెలు హెక్సాడెసిమల్‌లో ఉంటాయి, 10 కనిపిస్తే అది 16.) పైపైన తుడిచే క్విక్ ఫార్మాట్ పాడైన చోట్లను వెతకదు. ఫైళ్ళు వేరే చోట పడితే కొన్నాళ్ళు నడుస్తుంది, మళ్ళీ ఆ చోటుకు రాగానే డిస్క్ అదే సెక్టార్‌ను పదే పదే చదవబోయి ఆగిపోతుంది. ఇలాంటి డిస్క్ మీద అసలు చేయాల్సింది ఉన్న ఫైళ్ళు వెంటనే వేరే దాంట్లోకి తీసుకోవడం, నేనేమో మూడు ఫార్మాట్లు కొట్టించాను. రెండేళ్ళ పెళ్ళి కార్డుల డిజైన్లలో సగం పోయాయి, ఆ కడుపుమంట వేరే.

షాపులో అడిగితే మొదట "మీరు మూత విప్పిన్రు, వారంటీ పోయింది" అన్నాడు. డిస్క్ మీది స్టిక్కర్‌లో ఒక సీరియల్ నంబర్, సాఫ్ట్‌వేర్‌లో ఇంకొకటి. రెండూ ఫొటో తీసి, ఫోన్‌పే హిస్టరీ, ఆ ముద్ర కాగితం ముందు పెట్టి, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి కంప్లయింట్ పెడతా, జిల్లా వినియోగదారుల కమిషన్‌కూ పోతా అన్నాను. 5 లక్షల లోపు కొన్న వస్తువుకు అక్కడ ఫీజు కూడా లేదు. గొంతు మారింది. "గట్ల గాదన్నా, మాకూ పైనుంచి గట్లనే వచ్చింది" అన్నాడు. అది నిజమో కాదో నాకనవసరం.

మీరు మాత్రం కౌంటర్ దగ్గరే, డబ్బులు ఇవ్వకముందే ఆ సాఫ్ట్‌వేర్ వేయించి గంటలు చూడండి. గంటల లెక్కను సున్నా చేసి అమ్మేవాళ్ళు కూడా ఉన్నారు కాబట్టి సీరియల్ నంబర్‌ను డిస్క్ కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి వారంటీ ఎప్పటిదాకా ఉందో కూడా చూడండి. ఆ నంబర్ బిల్లు మీద రాయించుకోండి, జీఎస్టీ బిల్లే.

చివరికి ఆ డిస్క్ వెనక్కి తీసుకున్నాడు, నేను మీద ఇంకొంత వేసి 256 జీబీ ఎస్ఎస్‌డీ పెట్టించుకున్నాను. అక్కడే నిలబడి చూస్తే 1 గంట చూపించింది. ఫార్మాట్ల 1,500 మాత్రం ఇంకా ఇవ్వలేదు, ఫోన్ చేస్తే రేపు రమ్మంటున్నాడు.